బంగారు వైద్యానికి తరుగెంత?

మొన్న తెల్లవారుజామున మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో క్యాన్సర్ అంతరించింది. "బంగారు నానో రేణువులతో క్యాన్సర్ మాయం! మన స్వర్ణభస్మాన్నే విదేశీయులు కాపీ కొట్టారు!" కింద వరసగా దండాలు, పువ్వులు. వాటి కిందే భస్మం అమ్మేవాడి ఫోన్ నంబరు.

ఇంక ఆలస్యం దేనికి? రేడియేషన్ వార్డులు నగల షాపులకు అప్పగించేద్దాం. అక్షయ తృతీయ నాడు ప్రారంభోత్సవం, సినిమా తారతో రిబ్బన్ కటింగ్. స్కాన్ రిపోర్టు పట్టుకెళ్తే ముందు కూల్ డ్రింక్ ఇస్తారు. "22 క్యారెట్లా, 24 వేయమంటారా సార్?" పక్కనున్న మేనత్త ఊరుకుంటుందా? "పాత గాజులిస్తే ఎంత తగ్గిస్తావు బాబూ?" "మజూరీ ఫ్రీ అమ్మా, తరుగు మాత్రం 99.3 శాతం."

ఆ తరుగు నా కల్పన కాదు. పదేళ్ల పరిశోధనల్ని జల్లెడ పట్టిన టొరంటో శాస్త్రవేత్తలు, రక్తంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో, అంటే కంటికి ఆననంత సూక్ష్మమైన రేణువుల్లో, కణితి దాకా చేరేది మామూలుగా 0.7 శాతమేనని 2016లో లెక్క తేల్చారు. చాలా భాగాన్ని దారిలో కాలేయం, ప్లీహం లాగేసుకుంటాయి. అందుకే ఫ్రాన్స్ వాళ్లు సూదితో నేరుగా కణితిలోకే ఎక్కించారు. అదీ బంగారం కాదు, హాఫ్నియం ఆక్సైడ్ అనే మరో బరువైన లోహపు సమ్మేళనం. పైగా రేడియేషన్‌తో కలిపి. సార్కోమా (కండరం, కొవ్వు లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) రోగుల్లో కణితి దాదాపు పూర్తిగా చచ్చినవాళ్లు ఉత్త రేడియేషన్‌తో 8 శాతమైతే, ఇది తోడయ్యాక 16 శాతం. మంచి ఫలితమే. మాయం మాత్రం కాదు.

బంగారం లాంటి బరువైన పరమాణువులు ఎక్స్‌రేని ఎక్కువగా పట్టుకుని, ఎలక్ట్రాన్లు చిమ్మి పక్కనున్న కణాల్ని దెబ్బతీస్తాయి. అంటే ముందు ఎక్స్‌రే పడాలి! 2004లో అమెరికాలో హైన్‌ఫెల్డ్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఎక్స్‌రేలు మాత్రమే ఇస్తే ఏడాది తర్వాత 20 శాతం బతికాయి. బంగారం తోడైతే 86 శాతం. ఉత్త బంగారం ఇచ్చినవాటిలో? సున్నా. ఒక్కటీ మిగల్లేదు.

ఈ సున్నాని ఏ ఫార్వర్డులోనూ రాయరేం? రేడియేషన్ సగంలో మానేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయని తెలిసీ, "కరెంటు పెట్టించుకోకండి, ఒళ్లు కాలిపోతుంది, ఇది తేనెలో నాకండి చాలు" అని భయపడ్డ మనిషి చేతిలో సీసా పెట్టేవాడు వైద్యుడా? హంతకుడు! పుస్తెలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో ఆ సీసా కొంటున్నారండీ జనం. దాని మీద రోగి బతుకుతాడని ఎక్కడా హామీ ఉండదు. ధర మాత్రం స్పష్టంగా ఉంటుంది, అన్ని పన్నులూ కలుపుకొని.