లోబో గ్వారా గిన్నెలో మాంసమా, పండా?

బ్రెజిల్‌లోని సెర్రాడో గడ్డినేలల్లో తిరిగే జూలు తోడేలును అక్కడివాళ్లు లోబో గ్వారా అంటారు. బోనులో ఉన్నదానికి ఏం పెట్టాలన్నదే వాదం.

వాది: కుక్కల కుటుంబం కదండీ. కోరపళ్లున్నాయి, భుజం దగ్గర 90 సెంటీమీటర్ల ఎత్తుంది. ఆ కాళ్లు వేటకు కాక మరెందుకు? మాంసమే పెట్టాలి.

ప్రతివాది: తరిమి పట్టడానికి మాత్రం కాదండీ. ఎత్తుగడ్డిలో తల పైకి ఉండాలి కదా! ఒకే పక్క కాళ్లు రెండూ కలిపి, ఒంటెలా నడుస్తుంది. అలికిడైతే ఆగి పెద్ద చెవులు అటు తిప్పి, ముందుకాలితో నేల తట్టి, ఎగిరి దూకుతుంది. ఎక్కువగా దొరికేవి ఎలుకలు, పక్షులు. వేట ఒంటరిగానే.

వాది: ఎలుకైనా మాంసమేగా.

ప్రతివాది: కాదనను. కానీ దాని తిండిలో సగం దాకా మొక్కలదే. ముఖ్యంగా లోబేరా పండు, మన వంకాయ ఉన్న సొలానం ప్రజాతిదే. గింజలు మలంతో బయటికొస్తాయి. ఆ మలం చాలాసార్లు ఆకుకోత చీమల పుట్టల మీదే వేస్తుంది. చీమలు మలాన్ని తీసుకుని గింజల్ని తమ చెత్తకుప్పలో పారేస్తాయి, అక్కడ మొలకెత్తుతాయి.

వాది: అది అడవి సంగతి. బోనులో మాంసంతో నష్టమేంటి?

ప్రతివాది: మూత్రంలో రాళ్లు. ఈ జాతిలో సిస్టినూరియా అనే జబ్బు ఎక్కువ. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని మూత్రపిండం వెనక్కి తీసుకోలేదు. ఆమ్ల మూత్రంలో అది సరిగా కరగదు, మాంసం పెరిగితే మూత్రం మరింత ఆమ్లమవుతుంది. మగదాని మూత్రనాళం సన్నం, రాయి ఇరుక్కుంటే మూత్రం ఆగి ప్రాణం మీదికొస్తుంది.

వాది: రాళ్లు రాకుండా తయారుచేసిన దాణా తిన్నవాటిలో టారిన్ అనే పోషకం పడిపోలేదా? అది తగ్గితే గుండె కండరం దెబ్బతింటుంది.

ప్రతివాది: గట్టి అభ్యంతరమే, ఒప్పుకుంటాను. అందుకే మాంసం పూర్తిగా మానేయమనను. మాంసం కొంచెం, అరటి, బొప్పాయి లాంటి పండ్లు, విడిగా టారిన్, తొట్టిలో ఎప్పుడూ నీళ్లు. మూత్రం ఆమ్లత, సిస్టీన్ స్ఫటికాలు తరచూ చూస్తుండాలి.

వాది: లోబేరా తింటే మూత్రపిండపు పురుగు పోతుందని సెర్రాడోలో నమ్ముతారు. అదీ మీ వాదనకు బలమేగా?

ప్రతివాది: రుజువు లేని మాటను నా వైపు వేసుకోలేను. డయోక్టోఫైమా అనే ఆ పురుగు చేపలు, కప్పల ద్వారా వచ్చి ఎక్కువగా కుడి మూత్రపిండాన్ని తినేస్తుంది. ఆడది మీటరు దాకా పెరుగుతుంది. పండు మందని నమ్మి పచ్చి చేప పెట్టకండి.