జేమీ టార్ట్ మంచోడైపోలేదు బాబూ!

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ రిచ్‌మండ్ కథతో వచ్చిన టీవీ సిరీస్ టెడ్ లాసో ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. కథంతా చెప్పేయబోతున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. 2020 నుంచి 2023 దాకా వచ్చిన ఆ మూడు సీజన్లు, 34 ఎపిసోడ్ల గురించే నా గోల.

మొన్న మా టర్ఫ్ ఫుట్‌బాల్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తీర్పు ఇచ్చేశాడు. "పొగరుబోతు జేమీని కోచ్ ప్రేమతో మార్చేశాడు, మూడో సీజన్‌కొచ్చేసరికి వాడిలో పస లేదు" అట. కింద వరసగా బొటనవేళ్ళు. ఒళ్ళు మండింది. అక్కడ రాస్తే పెద్ద గొడవవుతుందని ఇక్కడ రాస్తున్నా.

అసలు మొదట్లో జేమీ ఎవడు? మాంచెస్టర్ సిటీ క్లబ్ నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్ళకి అరువుగా, రిచ్‌మండ్‌కి వచ్చిన స్ట్రైకర్. టీమ్‌లో అందరికన్నా ఆట వచ్చినవాడు, ఆ సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు. పక్కన ఎవడు ఖాళీగా ఉన్నా బాల్ ఇవ్వడు. ఆటగాళ్ళ బట్టలు, సామాను చూసుకునే కిట్‌మ్యాన్ నేట్‌ని ఏడిపించే గుంపుకి నాయకుడు వీడే. కెప్టెన్ రాయ్ కెంట్‌తో రోజూ కొట్లాటే. రాయ్ ఇంకో రకం నిప్పు. నోరు విప్పితే బూతు, ముఖం చూస్తే భయం. ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో ఇద్దరు తలతిక్కగాళ్ళు, ఒకడు పైకొస్తున్నాడు, ఒకడు దిగిపోతున్నాడు. ఆ మంటంతా అక్కడిదే.

కోచ్ టెడ్ మ్యాచ్ మధ్యలోనే జేమీని బెంచ్ మీద కూర్చోబెట్టేశాడు. వాడు లేకుండానే టీమ్ గెలిచింది. చాలామంది అక్కడే వాడు మారిపోయాడనుకుంటారు. ఎక్కడ మారాడండీ? మర్నాడు దెబ్బ తగిలిందని ప్రాక్టీస్ ఎగ్గొట్టాడు! అదీ మనిషంటే. మొదటిసారి బెంచ్ మీద కూర్చున్నవాడెవడైనా "సార్, నా తప్పు తెలిసొచ్చింది" అనడు. అలుగుతాడు. నేనూ అలిగాను. కాలేజీలో మా పీఈటీ సార్ సెకండ్ హాఫ్‌లో నన్ను బయటికి పిలిచినప్పుడు నీళ్ళ బాటిల్‌ని తన్ని, బూట్లు చేత్తో పట్టుకుని బస్టాప్‌కి నడిచిపోయాను. మా టీమ్ ఆ మ్యాచ్ గెలిచింది. నాకు అంత బాధ ఓడినప్పుడు కూడా కలగలేదు.

జేమీ మొదటిసారి మెత్తబడ్డది పాత వస్తువులు మంటలో వేసే రాత్రి. చిన్నప్పుడు అమ్మ కొనిచ్చిన బూట్లు తెచ్చాడు. అమ్మకి కొడుకు సంతోషంగా ఉంటే చాలు, నాన్నకి మాత్రం కొడుకు గ్రౌండ్‌లో అందర్నీ తొక్కేయాలి. కుర్రాడి తలవేడి ఎక్కడ రాజుకుందో అక్కడ తెలుస్తుంది. తీరా మనసు విప్పుకున్నాడో లేదో, లోన్ రద్దయి మళ్ళీ మాంచెస్టర్ సిటీకి పోవాల్సొచ్చింది. రిచ్‌మండ్ యజమానురాలు రెబెకా చాటుగా నడిపిన పని అది.

ఇక సీజన్ ఆఖరి మ్యాచ్. రిచ్‌మండ్ పై లీగ్‌లో నిలవాలంటే సిటీ మీద డ్రా చాలు. స్కోరు 1-1, టైమ్ అయిపోవచ్చింది. బాల్ జేమీ దగ్గర. పాత జేమీ అయితే తనే కొట్టేసేవాడు. వీడు పక్కనున్నవాడికి పాస్ ఇచ్చాడు, గోల్ పడింది, రిచ్‌మండ్ కింది లీగ్‌కి జారిపోయింది. మనమేమో రిచ్‌మండ్ పక్షాన కూర్చుని చూస్తున్నాం. వాడు జీవితంలో చేసిన మొదటి మంచి పాస్ మన కొంపే ముంచింది! ఇంత కసిగా రాసిన సీన్ నేను ఆటల కథల్లో ఎక్కడా చూడలేదు. మ్యాచ్ అయ్యాక వాళ్ళ నాన్న, పాస్ ఎందుకిచ్చావురా అని కొడుకు మీద పడి అరుస్తుంటాడు. అది టెడ్ కంటబడుతుంది. ఓడిపోయిన కోచ్ ఏం చేశాడు? పాస్ బాగా ఇచ్చావని రెండు ముక్కలు రాసి, ఒక బొమ్మ సైనికుణ్ణి జతచేసి పంపాడు. "ప్రేమతో మార్చేశాడు" అనేవాళ్ళకి ఆ బొమ్మే గుర్తుంటుంది. అప్పటికి పాస్ ఇచ్చేశాడు కదండీ వాడు! మార్చింది బొమ్మ ఎలా అవుతుంది?

రెండో సీజన్‌లో ఏదో రియాలిటీ షో చేసి, పరువు పోగొట్టుకుని రిచ్‌మండ్‌కి తిరిగొచ్చాడు. టీమ్‌లో ఒక్కడికీ వాడి మొహం చూడాలని లేదు, సహజమే. నైజీరియాని పాడుచేస్తున్న చమురు కంపెనీదే తమ స్పాన్సర్ అని తెలిసి ఆ దేశం ఆటగాడు సామ్ చొక్కా మీది పేరుకి నల్ల టేప్ అంటించుకున్నాడు, అతని దేశం కుర్రాళ్ళు తోడొచ్చారు. వాళ్ళ తర్వాత టేప్ అడిగింది జేమీ. టీమ్ అన్నాక అందరం ఒకే చొక్కా వేసుకోవాలి కదా అన్నట్టు మామూలుగా, ఉపన్యాసం లేకుండా. ఒకప్పుడు ఆ సామ్‌నే పురుగులా చూసినవాడు.

ఇప్పుడు నా అసలు పాయింట్‌కొస్తా. మంచితనం ఎక్కువైపోయి జేమీ ఆట చప్పబడింది. ఎవడికైనా పాసే, ఎప్పుడూ పాసే. అప్పుడు కోచింగ్‌లోకొచ్చిన రాయ్, అంటే వీణ్ణి అందరికన్నా ఎక్కువ అసహ్యించుకున్నవాడు, ఏమన్నాడో గుర్తుందా? నీలోని దుర్మార్గుణ్ణి చంపకు, మేం సైగ చేసినప్పుడు బయటికి తియ్యి అన్నాడు. టాటెన్‌హామ్ మీద కప్ మ్యాచ్‌లో కోచ్‌లంతా వరసగా నిలబడి మధ్యవేళ్ళు చూపిస్తారు. అదే సైగ! జేమీ ముఖంలో పాత పొగరు వెలిగింది, గోల్ పడింది. ఇంట్లో మా ఆవిడ నిద్ర లేచేలా అరిచాను.

కాబట్టి వాడు మంచోడైపోలేదు. వాడి మంటని పొయ్యిలో పెట్టారంతే. ఇంతకుముందు ఇల్లు కాల్చింది, ఇప్పుడు అన్నం ఉడుకుతోంది. ఆర్పేస్తే పస్తే.

వెంబ్లీ స్టేడియంలో 5-0తో చిత్తుగా ఓడిన రోజు తాగొచ్చిన నాన్న డ్రెస్సింగ్ రూమ్‌లో అందరి ముందూ కొడుకుని చులకన చేస్తే, వాడు ఒక్కటిచ్చాడు. తర్వాత గది అంతా నిశ్శబ్దం. నడిచొచ్చి పట్టుకున్నది రాయ్. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

అదే సీజన్ చివర్లో, పై లీగ్‌కి తిరిగి చేర్చే పెనాల్టీ. జేమీ బాల్ తీసుకెళ్ళి తోటి ఆటగాడు డానీ రోహాస్ చేతిలో పెట్టాడు. సీజన్ మొదట్లో పెనాల్టీ కొడితే బాల్ తగిలి పాపం ఓ కుక్క చచ్చిపోయి, వణికిపోయిన డానీకి. మన దగ్గర ఇదే కథ తీస్తే ఆ పెనాల్టీ హీరోకి కాకుండా పోతుందా? స్లో మోషన్, గాల్లో బాల్, స్టాండ్స్‌లో అమ్మ కన్నీళ్ళు... హీరో బాల్ ఇచ్చేస్తే ప్రొడ్యూసర్ ఒప్పుకోడు.

మూడో సీజన్‌లో పస పోయిందట! తెల్లవారుజామున నాలుగింటికి రాయ్‌తో పరిగెత్తినవాడిలోనా? టెడ్ టోటల్ ఫుట్‌బాల్ మొదలెడతాడు. కోచ్ రీనస్ మిషెల్స్, ఆటగాడు క్రైఫ్‌ల నాటి డచ్ ఆట, ఎవరైనా ఏ స్థానంలోనైనా ఆడాలి. టీమ్ తికమకపడుతుంటే జేమీయే కిటుకు పట్టాడు. బాల్ నాకివ్వడం ఆపండి, నా మీదుగా ఆడండి అన్నాడు. గోల్ ముందు నిలబడాల్సిన స్ట్రైకర్, వెనక్కి జరిగి ఇరుసులా నిలబడ్డాడు. స్ట్రైకర్‌కి ఆ మాట ఎంత కష్టమో ఆడినవాళ్ళకి తెలుసు. స్థానం మార్చి ఆడించడం మనకీ కొత్త కాదు లెండి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్, తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1, ఒక గోల్ జర్నైల్‌దే. ఆయన ముందుకొచ్చాడు, జేమీ వెనక్కెళ్ళాడు. ఏ వైపు జరిగినా అలవాటైన చోటు వదలాలిగా.

నాకు నచ్చనిది కూడా చెప్తా. మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌లో, ఇద్దరూ ప్రేమించిన కీలీ కోసం జేమీ, రాయ్ మళ్ళీ కొట్టుకోవడం పరమ చెత్త. ఆమ్‌స్టర్‌డామ్‌లో అంత పెద్ద రాయ్‌కి జేమీ సైకిల్ తొక్కడం నేర్పిన సీన్ రాసినవాళ్ళేనా ఇది రాసింది? ఆమె ఇద్దర్నీ బయటికి తోసేసింది కాబట్టి సరిపోయింది.

ఇంత రాశాక గ్రూపులో ఆయనకి ఏం జవాబివ్వాలా అని ఆలోచించా. చివరికి "ఈ ఆదివారం నేను డిఫెన్స్‌లో ఆడతా" అని మాత్రం పెట్టా. ఇరవై నిమిషాల్లో నలభై నవ్వు ఎమోజీలు. ఒకడైతే "అన్నా, ఫోన్ ఎవరైనా కొట్టేశారా?" అని అడిగాడు.