సవరణ: 'వెంట్' ఎక్కడి నుంచి వచ్చింది

ఇంగ్లీషులో 'గో' (వెళ్లు) అనే మాటే వాడుకలో అరిగి, దాని భూతకాలం 'వెంట్' అయిందని కిందటి పోస్టులో ఉంది. ఆ వాక్యం కొట్టేయండి. ఆ రెండూ వేర్వేరు క్రియలు.

'వెంట్' అసలు 'వెండ్' అనే క్రియకు భూతకాలం. సెండ్-సెంట్, బెండ్-బెంట్ ఎలాగో ఇదీ అలాగే. పాత ఇంగ్లీషులో 'వెండన్' అంటే తిప్పడం, మళ్లడం. తర్వాత దారి పట్టి వెళ్లడం అనే అర్థం వచ్చింది. అప్పట్లో 'గో'కి భూతకాలంగా 'ఏయొడె' అనే వేరే రూపం ఉండేది. 15వ శతాబ్దానికి ఇంగ్లండులో చాలామట్టుకు దాని చోటు 'వెంట్' ఆక్రమించేసింది. పాపం 'వెండ్' మాత్రం ఉన్నది పోగొట్టుకుని 'వెండెడ్' అనే కొత్త రూపంతో సరిపెట్టుకుంది. స్కాట్లండులో అయితే 'గో'కి సాటి మాటకే 'డ్' చేర్చి 'గేడ్' అనేవారు. మన పిల్లలు అలాగే 'గో'కి 'డ్' చేర్చి 'గోడ్' అంటే నవ్వే మాస్టార్లు ఇది గమనించాలి!

దీన్ని మన 'వచ్చాడు', 'రా'లతో పోల్చడమూ కుదరదు. చూడ్డానికి వేరుగా ఉన్నా అవి ఒకే ద్రావిడ మూలానివి. శ్రీకాకుళంలో 'ఎల్లిపోనాడు' అన్నా అందులో 'వెళ్లు' కనిపిస్తూనే ఉంటుంది.

వాడుక గురించి అడిగినవారికి: 'ఐ డిడ్ నాట్ వెంట్' తప్పు, 'డిడ్ నాట్ గో' అనాలి. 'హీ హేజ్ గాన్ టు అరసవల్లి' అంటే మనిషి ఇంకా తిరిగి రాలేదని. దర్శనం చేసుకుని ఇంటికొచ్చేస్తే 'హేజ్ బీన్ టు అరసవల్లి'.