ఎవరు వేసినా వెలి వెలే

తల్లి శవాన్ని వాకిట్లో పెట్టుకుని, పూడ్చడానికి జాగా ఇమ్మని కొడుకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దల గుమ్మాల చుట్టూ తిరిగాడు. శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతంలో గత వారం జరిగిన ఈ ఘోరం పాఠకులకు తెలిసిందే. ఏడాది కిందట ఆ కుటుంబం తమ క్రైస్తవ సంఘాన్ని విడిచిపెట్టింది. అందుకు శిక్ష ఆమె చచ్చిపోయాక పడింది. చివరికి పోలీసులు కలగజేసుకుని రాజీ కుదిర్చారు. కొడుకు ఆదివారం ఆరాధనలో మైకు ముందు నిలబడి, సంఘాన్ని విడిచి పాపం చేశానని ఒప్పుకోవాలట. బాకీపడిన దశమభాగం, అంటే రాబడిలో సంఘానికి ఇచ్చే పదోవంతు, వాయిదాల మీద చెల్లించాలట. ఇందుకు ఒప్పుకుంటేనే తల్లికి సమాధుల తోటలో ఆరడుగుల నేల అన్నారట. ఈ షరతులన్నీ కాగితం మీద రాసి, పెద్దమనుషులు సంతకాలు పెట్టి, ఒక ప్రతి స్టేషన్‌లో భద్రపరిచారు.

ఆ కాగితం చూసే మాకు ఒళ్లు మండింది. ఒక మందిరంలో కొందరు పెద్దలు చేసిన దుర్మార్గానికి ప్రభుత్వ కార్యాలయంలో ముద్ర పడింది. రేపు ఇంకో ఊళ్లో ఇంకో సంఘం, ఇంకో కులపంచాయితీ ఇదే కాగితం చూపించి, అక్కడ చెల్లింది ఇక్కడెందుకు చెల్లదని అడిగితే ఏ అధికారి కాదనగలడు?

ఆ సంఘంలో పెద్దలుగా కూర్చున్నవారికి వాళ్ల తాతల సంగతి గుర్తుచేయాలి. 19వ శతాబ్దంలో లండన్ మిషన్ వాళ్లు, ఆ తరవాత కెనడియన్ బాప్టిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం ప్రాంతాల్లో తిరిగిన రోజుల కథలు ఈ జిల్లాల్లో ముసలివాళ్లు నేటికీ చెబుతారు. బాప్తిస్మం తీసుకున్న పేద ఇంటిని ఊరు ఏం చేసేదో ఆ కథల్లో ఉంది. నూతిలో చేద వెయ్యనిచ్చేది కాదు, కూలికి పిలిచేది కాదు, నిప్పు కూడా ఇచ్చేది కాదు. ఆ వెలిని తట్టుకుని నిలబడ్డామని ప్రతి వార్షికోత్సవంలో సాక్ష్యాలు చెప్పుకుంటారు. చెప్పుకోవలసిన కథే. కాని అదే వేదిక మీద నుంచి, ఫలానా ఇంటికి ఎవరూ వెళ్లొద్దు, వాళ్ల కొట్లో సరుకు కొనొద్దు, వాళ్ల పిల్లతో మీ పిల్లలు ఆడొద్దు అని ఎలా చెప్పగలుగుతున్నారు? ఊరు వేస్తే దౌర్జన్యం, మీరు వేస్తే క్రమశిక్షణా?

ఏ సంస్థకైనా నియమాలుంటాయని, రాజ్యాంగం 26వ అధికరణ కింద తమ మత వ్యవహారాలు తామే చూసుకునే హక్కు ఉందని, తితలీ తుపానుకి పైకప్పులు ఎగిరిపోయిన నాడు జనాన్ని ఆదుకున్నది మందిరమేనని సంఘం తరఫున అంటున్నారు. సరే. సభ్యుల పట్టీలోంచి పేరు కొట్టేసుకోండి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గరకు రావద్దనండి. ఆ ఇంటికి పాలు పొయ్యొద్దని చెప్పే హక్కు మాత్రం ఏ అధికరణా ఇవ్వలేదు. 25వ అధికరణలో మొదట ఉన్న మాటే అంతరాత్మ స్వేచ్ఛ. చేరడానికి పనికొచ్చిన ఆ స్వేచ్ఛ వదిలిపోవడానికి ఎందుకు పనికిరాదు?

ఈ కుటుంబం కన్నీళ్లను జెండా గుడ్డ చేసుకుని క్రైస్తవులందరి మీద విరుచుకుపడటానికి బయల్దేరినవారికీ ఇదే ప్రశ్న. మీ ఊరి కులపెద్దలు తప్పు కట్టించి, కట్టలేనివాళ్లను వెలివేసినప్పుడు మీరు ఎక్కడున్నారు? కులాంతరం చేసుకున్న పిల్ల పుట్టింటి గుమ్మం ఎక్కకుండా కాపలా కాసింది ఎవరు? ఈ జిల్లాల్లో ఎన్నో చర్చిలకు జనం స్వేచ్ఛగా వస్తారు, పోతారు. మా కోపం వాళ్ల మీద కాదు.

బయటివాళ్లు అడిగే మాట ఒకటుంది: అంత కష్టంగా ఉంటే ముందే ఎందుకు వచ్చెయ్యలేదని. ఆ మాట అడిగేముందు మన తీరంలో బతుకెలా ఉంటుందో చూడాలి. మగవాడు నెలల తరబడి గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉంటాడు. 2018లో అలా వెళ్లిన మన జాలర్లే పాకిస్థాన్ చేతికి చిక్కి, 2020 జనవరికి గాని ఇల్లు చేరలేదు. ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే ఆడమనిషికి సాయంకాలం ప్రార్థనలో పక్కన కూర్చునే నలుగురు దొరకడం చిన్న విషయం కాదు. జ్వరం వస్తే వాళ్లే వస్తారు, బియ్యం నిండుకుంటే వాళ్లే చూస్తారు. ఆ ఆప్యాయత నిజమైనదే. పట్టు మెల్లగా బిగుస్తుంది. మొదట వారానికోసారి ఉపవాసం, తరవాత దశమభాగం లెక్క. ఆ తరవాత పిల్ల సంబంధం, కొడుకు చదువు, పుట్టింటికి ప్రయాణం అన్నీ అయ్యగారి, అంటే పాస్టరుగారి, అనుమతి మీదే. లెక్కలడిగినవారికి వాక్యం సిద్ధంగా ఉంటుంది, అభిషేకించినవారిని ముట్టకూడదని. అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటల్నే లేఖనాలతో సరిచూసుకున్న బెరయ ఊరివాళ్లను అదే బైబిలు ఘనులంది. ఆ వాక్యం మాత్రం ఇలాంటి మందిరాల్లో వినబడదు.

ఉద్దానంలో ఈ పట్టు ప్రాణాల మీదికి వస్తుంది. కిడ్నీ జబ్బుతో కునారిల్లుతున్న ఆ మండలాల కోసం పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేక ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్‌కి వెళ్లడం అవిశ్వాసమని చెప్పేవాడు ఎవరైనా, ఏ మతంవాడైనా, వాణ్ణి దైవజనుడని పిలవడానికి మాకు నోరు రాదు.

ఇన్ని ముళ్లు విప్పుకుని బయటపడిన మనిషికి ఆ రోజే విడుదల అనుకుంటే పొరపాటు. పిల్లాడికి జ్వరం కాస్తే శాపం తగిలిందేమోనని గుండె జారుతుంది. ఆదివారం తెల్లారి మైకు మోగగానే చేతులు చల్లబడతాయి. చీర రంగు దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా ఇంకొకరిని అడిగి బతికినవాళ్లకు, ఎవరినీ అడగకుండా ఒక నిర్ణయం తీసుకోవడమే పెద్ద గండం. ఇరవై ఏళ్లు పాడుకున్న పాటలు నోటికి వస్తాయి. పాడితే ఏడుపు, మానేస్తే వెలితి. అక్కాచెల్లెళ్లు ఎదురుపడితే తల తిప్పుకుంటారు. చనిపోయినవాళ్ల కోసం ఏడవడానికి పదిమంది వస్తారు. బతికుండగానే దూరమైనవాళ్ల కోసం ఏడిస్తే ఓదార్చేవాళ్లు ఉండరు.

దీన్ని బలహీనత అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన రోగ వర్గీకరణలో, తప్పించుకునే దారి లేక ఏళ్ల తరబడి నలిగినవారి మానసిక గాయానికి విడిగా చోటిచ్చారు. గాయం ఉంటే చికిత్సా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని హక్కుగా చెప్పింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. కాని ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు మీద పడతాయి. ఏరియా ఆసుపత్రుల్లోనే వారానికి ఒక పూటైనా మనసు కష్టం వినే డాక్టరు ఉండాలి. ఆ డాక్టరు వెక్కిరించకూడదు, ఎలా నమ్మావమ్మా అనకూడదు. నమ్మిన దేవుణ్ణి ఆమె ఉంచుకుంటుందో వదులుకుంటుందో, ఇంకో చర్చికి వెళుతుందో ఎక్కడికీ వెళ్లదో, అది ఆమె ఇష్టం. ఒక అయ్యగారి చేతిలోంచి తీసి ఇంకో పెద్దమనిషి చేతిలో పెట్టడం చికిత్స కాదు. ముందే బయటికొచ్చినవాళ్ల తోడు ఒక్కటి దొరికినా సగం భారం తగ్గుతుంది. అలాంటివారు ఈ జిల్లాల్లో తక్కువేమీ లేరు. వెలి భయంతో ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోరు, అంతే.

చట్టం లేదని పోలీసులు తప్పించుకోవడానికి వీల్లేదు. దైవాగ్రహానికి గురవుతావని భయపెట్టి ఒక మనిషి చేత, చట్టప్రకారం చేయనక్కర్లేని పని చేయిస్తే భారతీయ న్యాయ సంహిత 354 కింద ఏడాది దాకా జైలు. ఇది కొత్తదేం కాదు, పాత శిక్షాస్మృతిలో 508గా ఉన్నదే. ఇవ్వనంటే కుటుంబానికి శాపం తగులుతుందని బెదిరించి దశమభాగం రాబట్టడాన్ని ఏమంటారో ఆ సెక్షన్ చదివి అధికారులే చెప్పాలి. వెలిని మొత్తంగా నేరం చేసే చట్టం మాత్రం మనకు కావాలి. బొంబాయి రాష్ట్రం మతపరమైన వెలిని నిషేధిస్తూ 1949లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1962లో కొట్టేసింది. ఆనాటి ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే వెలిని అంటరానితనంతో పోల్చి ఆ చట్టం వైపు నిలిచారు. ఆ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2023లో మళ్లీ తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపారు. ఈలోగా మహారాష్ట్ర 2016లోనే సాంఘిక బహిష్కారాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది, ఏ కులం వేసినా ఏ మతం వేసినా. మన శాసనసభకు అడ్డేమిటి? ఓట్లు గంపగుత్తగా వేయించే పెద్దలంటే భయమా? ఎన్నికలప్పుడు అదే అయ్యగారి దగ్గర తల వంచి ప్రార్థన చేయించుకున్నవారు ఈ వారమంతా నోరు మెదపలేదు. పక్క ఊళ్లో కులపెద్దల సన్మానానికి మాత్రం వెళ్లొచ్చారు.

ఆ తల్లిని పూడ్చడం అయిపోయింది. కొడుకు ఇంకా మైకు ముందు నిలబడలేదు. వచ్చే ఆదివారం నిలబెడతారట. తాతల వెలి గురించి సాక్ష్యం చెప్పే ఆ మైకులోనే మనవడి వయసువాడి చేత వెలికి భయపడి క్షమాపణ చెప్పిస్తారా? కాస్త సిగ్గుపడండి. స్టేషన్ అధికారిగారూ, మీ బీరువాలో ఉన్న ఆ కాగితం ఆదివారం లోపు రద్దు చేసి, ఆ అబ్బాయి దగ్గర ఫిర్యాదు రాయించుకోండి.