మాత్ర వేసుకున్నాక ఏం చేయాలి?

కిరణ్‌కి ఇరవై ఆరేళ్లు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. మాత్రలు తప్పడం లేదు, చెవిలో గొంతులు వినిపించడం ఆగింది. కానీ పదకొండు దాకా లేవడు. స్నానం చేయమంటే రేపంటాడు. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆక్యుపేషనల్ థెరపీకి, అంటే రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా తోడుండి నేర్పే చికిత్సకి, పంపాలా వద్దా అని ఇంట్లో చర్చ. కిరణ్ పెదనాన్న ముప్పై ఏళ్లు ఒక మానసిక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని మావయ్య అని పిలిచే మేనకోడలు సుజాత ఆక్యుపేషనల్ థెరపిస్టు. వీళ్లంతా నేను కల్పించిన మనుషులే. నా మొగ్గు సుజాత వైపు ఉంది, దాచను. అయినా మావయ్య మాటలో ఉన్న బాధను తేలిగ్గా తీసేయలేను.

మావయ్య: నీ చదువు మీద నాకు గౌరవం ఉందమ్మా. కానీ ఆ పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏంటో తెలుసా? వార్డు ఊడవడం, తోటలో కలుపు తీయడం, దుప్పట్లు మడతపెట్టడం. కేస్ షీట్‌లో మాత్రం థెరపీ అని రాసేవాళ్లం. రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. దాన్ని వైద్యం అంటారా? వెట్టి చాకిరీ అది.

సుజాత: వెట్టేనని నేనూ అంటాను మావయ్యా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్‌లో ఉన్నదీ అదే. ఆసుపత్రిలో పేషెంటు చేత బలవంతంగా పని చేయించకూడదు. ఇష్టపడి చేస్తే తగిన డబ్బులివ్వాలి.

మావయ్య: చట్టం వచ్చేలోపు ఎన్ని జీవితాలు అలా అయిపోయాయో నేను చూశాను. ఒకాయన పదకొండేళ్లు దుప్పట్లు మడతపెట్టాడు. అంచుకు అంచు అతికినట్టు ఉండేది, అంత నేర్పు. చివరికి వాళ్లన్న వచ్చి తీసుకెళ్తానంటే బస్టాండు దాకా నేనే వెంట వెళ్లాను. టికెట్ తీసుకోమని వాళ్లన్న చేతిలో డబ్బులు పెడితే, ఆ నోటు పట్టుకుని నా మొహంలోకి చూశాడు. కండక్టర్‌ని ఏమని అడగాలో తెలియలేదు. పదకొండేళ్ల థెరపీ ఆయనకిచ్చింది అది.

సుజాత: మావయ్యా, నేను చెప్పాల్సిందే మీరు చెప్పారు. దుప్పట్లు మడతపెట్టడం వార్డుకి అవసరం. బస్సెక్కడం ఆయనకి అవసరం. ఆయన్ని తీసుకెళ్లి రెండు స్టాపుల దూరం బస్సులో తిప్పి తీసుకురావడం అక్కడ ఎవరి డ్యూటీలోనూ లేదు. ఆ డ్యూటీయే మాది. తెలుగులో దీన్ని వృత్తి చికిత్స అన్నారు, అదే మనల్ని తప్పుదోవ పట్టించింది. వృత్తి అనగానే బుట్టలల్లడం, కొవ్వొత్తులు పోయడం గుర్తొస్తాయి. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే వ్యాపకం. మనిషి రోజుని నింపేదంతా. పళ్లు తోముకోవడం, టీ పెట్టుకోవడం, ఫ్రెండ్‌కి ఫోన్ చేయడం, జీతం తెచ్చుకోవడం.

మావయ్య: అవన్నీ మందు పనిచేస్తే వాటంతటవే వస్తాయి. గొలుసులతో కట్టి తెచ్చినవాళ్లు ఇంజెక్షన్లు పడ్డాక నాలుగు వారాల్లో అన్నం కలుపుకుని తినడం నా కళ్లతో చూశాను. మీ థెరపీ ఎముకలు విరిగినవాళ్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి అయితే సరే.

సుజాత: ఈ రంగం పుట్టిందే మానసిక వైద్యంలో. 1917లో అమెరికాలో తొలి సంఘం పెట్టినవాళ్లలో విలియం డంటన్ సైకియాట్రిస్టు. మన దేశంలో 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ మొదటి స్కూలు పెట్టారు. అది అలా ఉంచండి. మందు గొప్పదనాన్ని నేనెందుకు కాదంటాను? మాత్ర ఆపేస్తే కిరణ్ మళ్లీ వార్డుకే వెళ్తాడు, ఆ మాట ఇంట్లో అందరికంటే ముందు నేనే చెప్తాను. కానీ లేని గొంతులు వినిపించడం, అనుమానాలు, వీటిని మందు బాగా అణచగలదు. ఆసక్తి చచ్చిపోవడం, మాట తగ్గిపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం, ఇవి మందుకి అంతగా లొంగవు. ఏకాగ్రత, జ్ఞాపకం, ఒక పని తర్వాత ఇంకో పని వరసలో పెట్టుకోవడం, ఇవీ దెబ్బతింటాయి. ఇంట్లోవాళ్లు దాన్నే బద్ధకం అంటారు.

మావయ్య: బద్ధకమనే మా తమ్ముడూ అంటాడు. నేనూ ఒకటి రెండుసార్లు అన్నాను.

సుజాత: మొన్న కిరణ్ పాలు పొయ్యి మీద పెట్టి పక్క గదిలోకి వెళ్లాడట. పొంగిపోయాయి. వాళ్లమ్మ, మా అత్తయ్య, అరిచింది, ఇక వంటింట్లోకి రావద్దంది. ఆవిడ భయం ఆవిడది, గ్యాస్ కదా. కానీ ఆ రోజుతో అతనికి ఉన్న ఒక్క పనీ పోయింది. నేనైతే ఆ పాల గిన్నె దగ్గరే మొదలుపెడతాను. టీ పెట్టడాన్ని ముక్కలు చేసి చూస్తాను. గిన్నె తీయడం వచ్చు, పాలు కొలవడం వచ్చు, పొయ్యి వెలిగించడం వచ్చు. కాచే ఆ నాలుగు నిమిషాలు నిలబడలేకపోతున్నాడు. అంటే పాడైంది టీ పెట్టడం మొత్తం కాదు, ఆ నాలుగు నిమిషాలే. మొదటి వారం స్టవ్ పక్కన నేనో అత్తయ్యో ఉంటాం. తర్వాత ఫోన్‌లో అలారం. పదకొండు దాకా నిద్రపోవడం కూడా ఒట్టి బద్ధకం కాకపోవచ్చు, రాత్రి డోసు మత్తు కావచ్చు. ఏ రోజు ఎన్నింటికి తేరుకున్నాడో రాసిపెట్టి డాక్టరుగారికి చూపిస్తే టైమింగో డోసో ఆయన సర్దగలరు.

మావయ్య: బాగానే ఉంది తల్లీ. కానీ టీ పెడితే జీవితం గడవదు. ఏ వర్క్‌షాపులోనో కూర్చోబెట్టి ఏళ్ల తరబడి కవర్లు అంటించడం నేర్పిస్తారు. ఆ నేర్పు ఎక్కడా ఉద్యోగం ఇవ్వదు.

సుజాత: ఒప్పుకుంటున్నాను. మా రంగం ఈ విషయంలో చాలాకాలం పొరబడింది. ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం అనుకున్నాం. ముందు నిజమైన ఉద్యోగంలో పెట్టి, అక్కడే తోడుండి నేర్పిస్తే ఎక్కువమంది నిలబడతారని చాలా దేశాల్లో చేసిన పరిశోధనల్లో తేలింది. కిరణ్ జబ్బు పడకముందు మొబైల్ రిపేర్ షాపులో చేశాడు కదా?

మావయ్య: నెల క్రితం మళ్లీ పంపించాం. మూడో రోజే వచ్చేశాడు. కస్టమర్లు గట్టిగా మాట్లాడితే టెన్షన్ అన్నాడు.

సుజాత: సాయంత్రం రద్దీలో కౌంటర్ దగ్గర నిలబెట్టి ఉంటారు. పొద్దున షాపు ఖాళీగా ఉండే రెండు గంటలు, వెనక బల్ల మీద స్క్రీన్లు మార్చే పని అడుగుదాం. ఓనర్‌తో నేను మాట్లాడతాను. ఎవరైనా గట్టిగా అరిస్తే ఎక్కడికెళ్లి కూర్చోవచ్చో ముందే అనుకుంటాం. రెండు గంటలు కుదిరితే మూడు.

మావయ్య: నువ్వున్నావు కాబట్టి కిరణ్‌కి సరిపోయింది. మిగతావాళ్లకి ఎవరున్నారు? నువ్వు చెప్పిన 2017 చట్టంలోనే మానసిక ఆరోగ్య నిపుణుల నిర్వచనం చూడు. సైకియాట్రిస్టు ఉన్నాడు, క్లినికల్ సైకాలజిస్టు ఉన్నాడు, సోషల్ వర్కర్ ఉన్నాడు, మా నర్సులున్నారు. మీ పేరు లేదు. ప్రైవేటులో సెషన్‌కింత అని కట్టగలిగేవాళ్లకే ఇది దక్కితే ఇక పేదవాడి సంగతేంటి?

సుజాత: దీనికి నా దగ్గర జవాబు లేదు మావయ్యా. 2021లో మా వృత్తిని గుర్తిస్తూ వేరే చట్టం వచ్చింది. అది మేం అర్హులమని రాసిచ్చింది, జిల్లా ఆసుపత్రిలో కుర్చీ వేయలేదు. కానీ పోస్టులు లేవు కాబట్టి పని అనవసరం అంటే మాత్రం ఒప్పుకోను. మీ దుప్పట్ల ఆయనకి బస్సు టికెట్ కొనడం ఎవరో ఒకరు నేర్పాల్సింది.

మావయ్య: నేనే నేర్పి ఉండొచ్చు. వార్డు దాటితే రోడ్డే. గేటు పాస్ రాస్తే చాలు, అరగంట పని. పదకొండేళ్లలో ఒక్కసారి తోచలేదు నాకు.

సుజాత: అప్పుడు మీకు ఎవరూ చెప్పలేదు.

మావయ్య: సరే, ఆదివారం పొద్దున రా. పదింటికి వద్దు, పదకొండున్నరకి రా, లేచి ఉంటాడు. ఈలోపు పాలు పొంగినా అరవొద్దని వాళ్లమ్మకి నేను చెప్పి ఉంచుతాను.