పని చెప్పేటప్పుడు తెలుగు, హక్కు దగ్గర ఇంగ్లీషా?

ఏడు పేజీలు. మూడు చోట్ల పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ గుర్తులు. "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ సంతకం పెట్టమ్మా, వెనకాల లైనుంది" అన్నాడట హెచ్‌ఆర్ కుర్రాడు, ఆమె పెట్టేసింది. హైదరాబాద్ శివారులోని ఒక పారిశ్రామికవాడలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే మహిళకు ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ అది. జిరాక్సు కాపీ మా డెస్కుకు వచ్చింది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఇంగ్లీషే. ఆమె చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది, ఆరు లైన్లు, మధ్యలో ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. రోజంతా అక్షరాలతోనే గడిపే మాకే రెండోసారి చదివితే గానీ విషయం తేలలేదు. కంపెనీ ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఏ యూనిట్‌కు కావాలంటే ఆ యూనిట్‌కు ఆమెను మార్చొచ్చు, వెళ్లకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే లెక్క. నెల తిరక్కుండానే నలభై కిలోమీటర్ల అవతలి యూనిట్‌కు పొమ్మన్నారు. ఇదేంటి సార్ అని అడిగితే "నువ్వే సంతకం పెట్టావుగా" అన్నారు.

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇచ్చి తీరాలన్నది వాటిలో ఒక ముఖ్యమైన నిబంధన. మంచిదే. ఏళ్ల తరబడి కాగితం ముక్క లేకుండా పనిచేసిన లక్షల మందికి అది అండ. అయితే చదవలేని కాగితం చేతిలో పెడితే అది అండ కాదు, ఉరితాడు. రేపు ఏ గొడవ వచ్చినా ఆ సంతకమే ఆమెకు ఎదురు సాక్షిగా నిలబడుతుంది.

మమ్మల్ని మండిస్తున్నది ఇంగ్లీషు కాదు. ఇదే కంపెనీలో సూపర్‌వైజర్ పొద్దున్నే వచ్చి "ఇవాళ మూడొందల బాక్సులు అవ్వాల, టీ బ్రేకు పది నిమిషాలే, ఫోన్లు లోపల పెట్టేయండి" అంటాడు. ఎంత స్పష్టంగా ఉంది! ఒక్కరికైనా అర్థం కాకుండా పోతుందా? పని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ కంపెనీకి తెలుగు వచ్చు, చిన్న వాక్యాలూ వచ్చు, ఎదుటి మనిషికి ఏం తెలుసో ఏం తెలియదో అంచనా వేసి మాట్లాడటమూ వచ్చు. అదే కంపెనీ సరుకు అమ్ముకోవడానికి టీవీలో ఇచ్చే ప్రకటన చూడండి, పల్లెటూరి అవ్వకు కూడా అర్థమయ్యే తేట తెలుగు. మరి జీతం కోత గురించి, బదిలీ గురించి, ఓటీ డబ్బుల గురించి చెప్పాల్సి వచ్చేసరికి ఆ తెలుగంతా ఎటు పోతోంది?

పే స్లిప్ చేతికి తీసుకోండి. ఎల్‌ఓపీ 2, ఎన్‌సీపీ 2, ఈఎస్‌ఐ 0.75 శాతం, ఇంకో గడిలో 'అదర్ డిడక్షన్స్' అని ఒక అంకె. ఎల్‌ఓపీ అంటే జీతం రాని సెలవు రోజులని, ఎన్‌సీపీ అంటే పీఎఫ్ లెక్కలోకి రాని రోజులని ఎంతమందికి తెలుసు? ఈఎస్‌ఐ కింద తన జీతంలోంచి పోయేది 0.75 శాతమైతే యజమాని కట్టాల్సింది 3.25 శాతమని ఆ స్లిప్పులో ఒక్క లైను రాస్తే కార్మికుడు తన లెక్క తనే సరిచూసుకుంటాడు. 'రెండు రోజులు రాలేదు, అందుకని ఇంత తగ్గించాం' అని రాయడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

చట్టం అడ్డు రాకపోగా, ఎప్పటి నుంచో అదే చెబుతోంది. కొత్త కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం, ఉద్యోగ నియమాలను గేటు దగ్గర బోర్డు మీద ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ పెట్టాలంది. అప్పటిదాకా ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌దీ అదే మాట. భోపాల్ ఘోరం తర్వాత 1987లో ఆ చట్టాన్ని సవరించి, ఫ్యాక్టరీలో ఏ ప్రమాదం పొంచి ఉందో కార్మికులకు చెప్పి తీరాలన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమైతే 'కమ్యూనికేషన్' అనే మాటను నిర్వచిస్తూ బ్రెయిలీ, సైగల భాషలతో పాటు సరళమైన భాషను కూడా చేర్చింది. అంటే తేలిక మాట అన్నది దయతో ఇచ్చేది కాదు. చెవి వినపడనివాళ్లకు సైగలెంత అవసరమో, కొందరికి తేలిక వాక్యం అంత అవసరమని చట్టమే గుర్తించింది. ఎక్కడో గాజు పలక వెనక, ఎండకు రంగు వెలిసి, దుమ్ము కొట్టుకుపోయిన నోటీసు ఒకటి తగిలించి 'పెట్టాం కదా' అనడం చట్టాన్ని పాటించడం కాదు.

ఇది పేరుకు భాష గొడవలా కనిపిస్తుంది గానీ, ఫార్మా కంపెనీల్లో ఇది ప్రాణాల గొడవ. రసాయనం డ్రమ్ముతో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో పదహారు భాగాలుంటాయి. అది కెమిస్టుల కోసం రాసింది. డ్రమ్ము దొర్లించేవాడికి అందులోంచి కావాల్సింది మూడు ముక్కలు. సరే తెలుగులో పెడతాం అని కొన్నిచోట్ల పెడుతున్నారు, అది ఇలా ఉంటుంది: 'దహనశీల ద్రవము. సంబంధిత సిబ్బంది తగు జాగరూకత వహించవలెను.' దీనికన్నా ఇంగ్లీషే నయం. 'ఇది పెట్రోలు లాంటిది. చిన్న రవ్వ పడ్డా అంటుకుంటుంది. ఇక్కడ ఫోన్ తీయొద్దు. వాసన ఘాటుగా వస్తే మూత పెట్టబోకండి, బయటికి పరిగెత్తండి' అని రాయండి. ఇందులో ఏ సాంకేతిక సత్యం తగ్గిపోయింది?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి వచ్చి పన్నెండు మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉండీ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆ రాత్రి కావాల్సింది ఒకే ఒక్క మాట, ఏం చేయాలో. ఆ మాట చెప్పినవాళ్లు లేరు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీల్లో పేలుళ్లు జరిగి కార్మికులు చనిపోయారు. ఆ దుర్ఘటనలకు కారణం భాష అని మేం అనడం లేదు, కారణాలు వేరు. కానీ పాశమైలారంలో పోయినవాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. ఇలాంటి చోట గోడ మీద ఏ భాషలో ఏం రాసి ఉందన్నది పక్కన పెట్టేసే విషయమా? హిందీలో రాయాలి, ఒడియాలో రాయాలి, చదువు రానివాళ్లకు బొమ్మ గీయాలి, నోటితో చెప్పి, తిరిగి చెప్పించుకోవాలి.

ఇంకో దృశ్యం. పెద్ద ఆఫీసు, ఆరో అంతస్తు, ఆడవాళ్ల వాష్‌రూమ్ పక్కన అందంగా ఫ్రేమ్ కట్టిన పోస్టర్. లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013. కమిటీ సభ్యుల పేర్లు, ఫిర్యాదుకు ఒక ఈమెయిల్ ఐడీ. అంతా ఇంగ్లీషే. ఆ ఫ్రేమ్ అద్దాన్ని రోజూ రెండుసార్లు తుడిచేది హౌస్‌కీపింగ్ అమ్మాయి. ఆమెకు ఈమెయిల్ లేదు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలని, తను కాంట్రాక్టు మనిషైనా ఆ కమిటీ తనదేనని, రాయడం రాకపోతే కమిటీయే రాయించాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ 'తడి గుడ్డ పెట్టొద్దు, మరక పడుతుంది' అని మాత్రం తెలుగులో చక్కగా చెప్పారు. మేం మళ్లీ మళ్లీ అంటున్నది ఇదే. పని చెప్పేటప్పుడు వచ్చే భాష హక్కు చెప్పేటప్పుడు రాకపోవడం చేతకానితనం కాదు.

కోర్టులో నిలబడాలంటే లీగల్ భాషే ఉండాలని, రెండు మూడు భాషల్లో ఇస్తే ఖర్చని, అర్థాలు మారిపోతాయని కంపెనీలు అంటాయి. లీగల్ ప్రతి ఉంచుకోండి, ఎవరు వద్దన్నారు? దాని పైన ఒక్క పేజీ, మామూలు మాటల్లో, పెట్టమంటున్నాం. మీ జీతం ఇంత, చేతికొచ్చేది ఇంత, డ్యూటీ ఇన్ని గంటలు, ఓటీకి ఇంత, ఎక్కడికైనా మార్చే వీలుంది, మానేయాలంటే ఇన్ని రోజుల ముందు చెప్పాలి. ఏడాదికోసారి రిసార్టులో పెట్టే వార్షికోత్సవానికి అయ్యే ఖర్చులో ఇది ఎన్నో వంతు?

కాలర్ మురికి కాని ఉద్యోగాల్లోనూ జబ్బు ఇదే, వేషం వేరు. హైటెక్ సిటీలో ఉద్యోగాలు తీసేస్తే 'రైట్‌సైజింగ్', ఇంక్రిమెంట్ ఎగ్గొడితే 'రేషనలైజేషన్'. కంపెనీ అందరినీ కూర్చోబెట్టి పెట్టే టౌన్‌హాల్ మీటింగ్ అయ్యాక జిల్లా కాలేజీ నుంచి వచ్చిన పిల్ల పక్క సీటులో అమ్మాయిని "అక్కా, ఇంతకీ మన టీమ్ ఉంటుందా పోతుందా?" అని గుసగుసగా అడుగుతుంది. గట్టిగా అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని టెన్షన్. నిజానికి ఆ హాల్లో సగం మందికి అర్థం కాలేదు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా. అర్థం కాకుండా మాట్లాడినవాడిది తప్పయితే సిగ్గు పడేది విన్నవాళ్లా?

ఇక ప్రభుత్వాల సంగతి. అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు పటానికి దండ వేసి, తెలుగు భాషా దినోత్సవం అని ఉపన్యాసాలిస్తారు. ఆయన ఏం చేశారు? జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని పండితులతో జీవితాంతం తలపడ్డారు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆ పటం ఉన్న గదిలోంచే 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా' అని సర్క్యులర్ బయల్దేరుతుంది. అంగన్‌వాడీ టీచరుకు, పారిశుధ్య కార్మికుడికి వచ్చే మెమో ఇంగ్లీషులోనో, ఈ గ్రాంథికంలోనో ఉంటుంది. సంజాయిషీ ఇవ్వమని మాత్రం మూడు రోజులే గడువు. మెమోలో ఏముందో తెలుసుకోవడానికే ఒక రోజు పోతుంది, తెలిసినవాళ్ల కోసం తిరగడానికి. దండ వేసే చేతులే ఆ మెమో మీద సంతకం చేస్తున్నాయి. ఇది ఆ మహనీయుడికి అవమానం, అంతకన్నా ఆ పారిశుధ్య కార్మికుడికి అవమానం.

రెండు రాష్ట్రాల కార్మిక శాఖలకు మేం అడిగేది పెద్దదేం కాదు. నియామక పత్రం ఇచ్చారా లేదా అని టిక్కు కొట్టి వెళ్లిపోకండి. తనిఖీకి వెళ్లినప్పుడు గేటు దగ్గర ఒక కార్మికుణ్ని ఆపి, 'నీ లెటర్‌లో ఏం రాసుందో చెప్పు నాయనా' అని అడగండి. చెప్పలేకపోతే ఆ లెటర్ ఇవ్వనట్టే రాసుకోండి. యూనియన్లు కూడా వినాలి. జీతాల ఒప్పందం ఇంగ్లీషులో కుదుర్చుకుని గేటు మీటింగులో 'సాధించాం' అని కేకలేస్తే సరిపోదు, ఆ ఒప్పందం ప్రతి ఒక్కరి చేతిలో, వాళ్ల భాషలో పెట్టాలి.

ప్యాకింగ్ సెక్షన్ మహిళ ఇప్పుడు రెండు బస్సులు మారి డ్యూటీకి పోతోంది. పొద్దున్న అయిదింటికి ఇల్లు వదిలితే రాత్రి తొమ్మిదికి చేరుతోంది. సంతకం పెట్టించిన రోజు ఆ ఆరు లైన్లు ఆమెకు విడమర్చి చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. పది నిమిషాల టీ బ్రేకును సెకన్లతో లెక్కపెట్టే యాజమాన్యానికి ఆ ఒక్క నిమిషం ఎందుకు దొరకలేదో ఆమెకు జవాబు చెప్పాలి. బాక్సుల లెక్క చెప్పేటప్పుడు మాట్లాడతారే, ఆ తెలుగులో చెప్పాలి.