బండి కదిలితేనే పాఠం పూర్తయినట్టు

డల్లాస్ శివార్లలో మా అమ్మాయి చదివే హైస్కూల్లో బళ్ల రిపేరు నేర్పే ఆటో షాప్ అనే పెద్ద షెడ్డు ఉంది. అందులో మూడేళ్లుగా 1953 నాటి షెవ్రొలే 3100 పికప్ ట్రక్కు ఒకదాన్ని విద్యార్థులు విప్పి బాగుచేస్తున్నారు. ఊరి బయట ఓ పెద్దాయన కొట్టంలో ఎన్నో ఏళ్లు కదలకుండా పడున్న బండి అది. ఆయన పోయాక ఆయన పిల్లలు దాన్ని స్కూలుకు ఇచ్చేశారు. టెన్త్ గ్రేడ్‌లో మా అమ్మాయి ఈ క్లాసు తీసుకుంటానన్నప్పుడు ఇంట్లో ముందు కాస్త నిశ్శబ్దం, తర్వాత చాలా చర్చ. తెలిసినవాళ్ల ఇంటికి భోజనానికి వెళ్తే అక్కడొకావిడ సూటిగానే అడిగింది, "అదేంటండీ, ఆడపిల్లని మెకానిక్ చేస్తారా?" అని.

ఆ ప్రశ్నకి నాకు అప్పుడు జవాబు దొరకలేదు. ఇప్పుడు ఉంది. ఆ ట్రక్కు మీద పిల్లలు నేర్చుకుంటున్నది మెకానిక్ పని ఒక్కటే కాదు. స్కూల్లో మిగతా ఏ క్లాసూ నేర్పనిదొకటి అక్కడ నేర్చుకుంటున్నారు. సగం తప్పు చేసినా సగం మార్కులు వచ్చే లోకం నుంచి, సగం తప్పు చేస్తే బండి అసలు కదలని లోకంలోకి వాళ్లు అడుగుపెడుతున్నారు. ఆ తేడా చిన్నదేమీ కాదు.

నా సంగతీ చెప్పాలి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు దించిన మనిషి. నన్ను మాత్రం పానా ముట్టుకోనిచ్చేవారు కాదు. "నీ చేతికి గ్రీజు అంటకూడదురా" అనేవారు. అది ప్రేమే, దాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టను. ఆ మాట వల్లే కంప్యూటర్లు చదువుకుని ఇక్కడిదాకా వచ్చాను. కానీ ఆయన దగ్గరున్న విద్యలో ఒక్క ముక్కా నాకు అబ్బలేదు. ఒక రోజు మా అమ్మాయి వచ్చి ట్రక్కు ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు ఏ వరసలో పేలతాయో, చెప్పమని పరీక్ష పెట్టింది. నేను తెల్లమొహం వేశాను. వీడియో కాల్‌లో తాతయ్యని అడిగితే, ఆరు సిలిండర్ల ఇంజన్ అని వినగానే ఆయన ఆగకుండా "వన్ ఫైవ్ త్రీ సిక్స్ టూ ఫోర్" అన్నారు. 1954లో జంషెడ్‌పూర్‌లో మెర్సిడెస్ బెంజ్ సహకారంతో మొదలైన టాటా లారీల ఆరు సిలిండర్ల ఇంజన్లదీ అదే వరస, ఈ టెక్సస్ షెవ్రొలేదీ అదే వరస. క్రాంక్, అంటే ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు, రెండు చుట్లు తిరిగేలోపు ఆరు సిలిండర్లూ ఒక్కోసారి పేలాలి, అంటే 120 డిగ్రీలకొకటి. పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే పేలకుండా చూసుకుంటే ఆ వరస సహజంగా కుదురుతుంది. తాతా మనవరాలూ ఆ రోజు అరగంట మాట్లాడుకున్నారు. అంతకుముందు వాళ్ల మాటలు "తిన్నావా అమ్మా" దగ్గరే ఆగిపోయేవి.

ఇంతకీ పాత బండే ఎందుకు? కొత్త కారు మీద నేర్పొచ్చుగా అని చాలామంది అంటారు. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకూ చిన్న ట్రక్కులకూ ఓబీడీ-2 పోర్ట్, అంటే బండిలో లోపమేమిటో స్కానర్‌కి చెప్పే సాకెట్, తప్పనిసరి. స్కానర్ గుచ్చితే కోడ్ వస్తుంది, ఆ కోడ్ పట్టుకుని విద్యార్థి పార్ట్ మార్చడం దగ్గరకి వెళ్లిపోతాడు. 1953 ట్రక్కుకి గుచ్చడానికి ఏ పోర్టూ లేదు. స్టార్ట్ కాలేదంటే పెట్రోల్ అందుతోందా, స్పార్క్ వస్తోందా, కంప్రెషన్ ఉందా అని ఒక్కొక్కటీ చేత్తో, చెవితో, ముక్కుతో చూసుకుంటూ పోవాలి. కారణమూ ఫలితమూ కంటి ముందే ఉంటాయి. ఆ బండి వైపర్లు కూడా ఇంజన్ పీల్చే వ్యాక్యూమ్‌తోనే తిరుగుతాయి, అందుకే వానలో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే వైపర్ నీరసిస్తుంది. ఇది ఒక్కసారి చూసిన పిల్లకి మానిఫోల్డ్ వ్యాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోని ఆ లాగుడు) అంటే ఏమిటో ఇక మర్చిపోయే పని లేదు.

షెడ్డులో జరిగిన ఒక సంగతి నాకు బాగా నచ్చింది. షెవ్రొలే 1955లో పన్నెండు వోల్టులకి మారింది, అంతకుముందు బళ్లన్నీ ఆరు వోల్టులవే. పిల్లలు కొట్లో దొరికిన మామూలు బ్యాటరీ కేబుళ్లు, అంటే పన్నెండు వోల్టుల బండికి సరిపోయే మందం ఉన్నవి, తెచ్చి బిగించారు. కాలితో స్టార్టర్ పెడల్ తొక్కితే మోటారు మూలుగుతోంది గానీ ఇంజన్ తిరగట్లేదు. బ్యాటరీ పోయిందన్నారు, మార్చారు. స్టార్టర్ పోయిందన్నారు, విప్పి చూశారు. సార్ మాత్రం కారణం చెప్పకుండా చేతికి మల్టీమీటర్ ఇచ్చి, కేబుల్ ఆ కొస నుంచి ఈ కొసకి ఎంత వోల్టేజ్ పడిపోతోందో చూడమన్నారు. అప్పుడు బయటపడింది. అంతే శక్తి సగం వోల్టేజ్‌తో కావాలంటే రెట్టింపు కరెంటు పారాలి. కరెంటు రెట్టింపైతే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగింతలు. సన్నటి కేబుల్ దగ్గరే బలమంతా కరిగిపోతోంది. ఫిజిక్స్ క్లాసులో ఇదే సూత్రం మీద వందకి తొంభై తెచ్చుకున్న పిల్లలు కూడా ఆ గుంపులో ఉన్నారు. సూత్రం తెలియక కాదు, అది ఈ కేబుల్ గురించేనని ఎవరికీ తట్టలేదు. చదువులో అసలు లోటు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంజన్ విషయం ఇంకా గట్టి పరీక్ష. 1953లో ఈ చిన్న ట్రక్కుల్లో వచ్చింది 216 క్యూబిక్ ఇంచుల ఇంజన్. ఇప్పటి ఇంజన్లలో లాగా, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్డుకి బేరింగ్ షెల్ తీసి కొత్తది వేయడం కుదరదు. మెత్తటి బాబిట్ లోహాన్ని కరిగించి రాడ్డులోనే పోసి ఉంటుంది. అరిగితే సందులో పెట్టిన పల్చటి రేకుల్ని, అంటే షిమ్ముల్ని, ఒక్కొక్కటీ తీస్తూ సరిచేయాలి. ఎంత సందు ఉందో చూడటానికి ప్లాస్టిక్ దారం ముక్క ఒకటి అందులో పెట్టి, బోల్టులు బిగించి, విప్పి, అది ఎంత వెడల్పుగా నలిగిందో కొలుస్తారు. ఒక గుంపు ఓపిక పట్టలేక షిమ్ము ఒకటి ఎక్కువ తీసేసింది. క్రాంక్ పట్టేసింది, చేత్తో తిప్పితే కదల్లేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ మార్కులు తగ్గించలేదు. మళ్లీ మొదటి రాడ్డు నుంచి మొదలుపెట్టారు, రెండు వారాలు పోయాయి. మా అమ్మాయి ఆ గుంపులోదే. ఆ రెండు వారాల్లో తను ఒక్కసారి కూడా "నాకు ఇది రాదు" అనలేదు. లెక్కల హోంవర్క్ దగ్గర అదే మాట ఎన్నిసార్లు అనేదో మాకు తెలుసు.

ఇంకొకటి, నేను ముందు అసలు ఊహించనిది. ఈ పని ఒక బ్యాచ్‌తో అయ్యేది కాదు. పీరియడ్ గంటన్నర, అందులో పనిముట్లు తీయడానికీ సర్దడానికీ పావుగంట పోతుంది. మొదటి ఏడాది బండి విప్పిన పిల్లలు డిగ్రీలకి వెళ్లిపోయారు. వాళ్లు విప్పిన ప్రతి బోల్టూ, క్లిప్పూ జిప్ సంచుల్లో వేసి మీద చీటీ రాసి పెట్టారు. కొందరి చీటీలు అద్భుతం: "ఎడమ తలుపు, పై కీలు, మూడు బోల్టులు, వాషరు లోపలి వైపు." ఇంకొన్ని సంచుల మీద "తలుపువి" అని మాత్రమే ఉంది. ఆ రెండో రకం సంచితో రోజంతా కుస్తీ పట్టిన పిల్లలు, తమ వంతు వచ్చినప్పుడు చీటీ ఎలా రాస్తున్నారో చూడాలి. ముఖం కూడా చూడని మనిషి కోసం అర్థమయ్యేలా రాయడం. నేను ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మా దగ్గర పెద్ద పెద్ద జీతాల వాళ్లకి కూడా ఈ అలవాటు లేదు.

మరి ఇంత మంచి క్లాసు అయితే అమెరికాలో ఇన్ని స్కూళ్లలో ఎందుకు మూతపడింది? దీని వెనక కథ సులభం కాదు. 1917లో స్మిత్-హ్యూస్ చట్టంతో వ్యవసాయం, చేతిపనులు, గృహవిజ్ఞానం నేర్పడానికి ఫెడరల్ డబ్బు రావడం మొదలైంది. స్కూళ్లలో ఇలా చేతిపని నేర్పే షాపులు వెలిశాయి. కానీ ఆ షాపుల్లోకి ఎవరిని పంపారన్నది అసలు ప్రశ్న. పేద పిల్లల్ని, నల్లజాతి పిల్లల్ని, వలస కుటుంబాల పిల్లల్ని "నీకు కాలేజీ ఎందుకు" అని అటు తోసేశారు. ఆ అన్యాయం నిజమైనది, దాన్ని ఎదిరించినవాళ్లు చేసింది సరైన పనే. 1980ల నుంచి అందరికీ కాలేజీ చదువు కావాలన్న ఒత్తిడి పెరిగింది, 2002లో సంతకమైన కొత్త విద్యా చట్టంతో లెక్కలు, చదవడంలో ఏటేటా పరీక్షలు వచ్చాయి. పరీక్షలో లేనిదానికి డబ్బూ సమయమూ తగ్గిపోయాయి. షాపు తలుపులు అందరికీ తెరవాల్సింది పోయి, అందరికీ మూసేశారు. నా దృష్టిలో తప్పు జరిగింది అక్కడ. 2018లో వృత్తివిద్యకి ఫెడరల్ డబ్బు ఇచ్చే పెర్కిన్స్ చట్టాన్ని మళ్లీ కొత్తగా తెచ్చారు, టెక్సస్‌లో 2013 నాటి హౌస్ బిల్ 5 వల్ల ఇలాంటి కోర్సులకి డిప్లొమాలో ఒక చోటు దొరికింది. కాస్త నయం.

అయినా మా తెలుగు తల్లిదండ్రుల టెన్షన్ అంతా ఇంకోచోట ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసేయను. 1997లో వచ్చిన టెక్సస్ చట్టం ప్రకారం హైస్కూల్ క్లాసులో పై పది శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కైతే ఆ గీత ఇంకా పైన. ర్యాంకు లెక్కలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సుకి ఎక్కువ పాయింట్లు, ఆటో షాప్‌కి మామూలు పాయింట్లు. షాపులో 'A' గ్రేడ్ తెచ్చుకున్నా సగటు కిందికి లాగుతుంది! శ్రద్ధగా చదివే పిల్లలే ఈ క్లాసు వదులుకోవాల్సి వస్తే, పాత రోజుల వేర్పాటే మళ్లీ ఇంకో దారిలో వచ్చినట్టు కదా. ఓమ్ సూత్రం, ఉష్ణగతిక శాస్త్రం, కొలత ఇన్ని ఉన్న క్లాసుని ల్యాబ్ సైన్స్‌లా లెక్కగట్టడానికి అడ్డేమిటి? మా స్కూల్ బోర్డు మీటింగులో ఇది అడిగాను, మళ్లీ అడుగుతాను.

మెకానిక్ వృత్తిని బంగారుబాతుగా చూపించడం నా ఉద్దేశం కాదు. 2023 మేలో అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం ఆటో టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 47,770 డాలర్లు. పనిముట్లు చాలాచోట్ల సొంతంగా కొనుక్కోవాలి, ఒళ్లు హూనమవుతుంది. షాపు నేర్పే టీచర్లు దొరకకపోవడానికీ డబ్బే ఒక కారణం, అనుభవమున్న మంచి మెకానిక్ స్కూలు జీతానికి ఎందుకొస్తాడు? అలాగే ఈ ట్రక్కు ఎలక్ట్రిక్ కార్ల హై వోల్టేజ్ బ్యాటరీ గురించి ఏమీ నేర్పదు. అది వేరే బల్ల మీద వేరుగా నేర్పాల్సిందే. పాత బండితో ప్రమాదాలూ ఉన్నాయి: పాత బ్రేక్ షూల్లో ఆస్బెస్టాస్, పాత పెయింటులో సీసం. మా స్కూల్లో పెయింటు గీకే పని పిల్లలకి ఇవ్వలేదు, బయట లైసెన్సున్నవాళ్లతో చేయించారు. బ్రేకుల విషయంలో పెద్ద వాదన నడిచింది. ఆ కాలం బళ్లకి బ్రేక్ సర్క్యూట్ ఒక్కటే, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే. కొందరు పిల్లలు అచ్చం పాతదే ఉంచాలన్నారు. చివరికి రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్, సీటు బెల్టులు పెట్టి, ఇంజన్ మాత్రం పాతదే ఉంచాలని తేల్చారు. నేనైనా అదే చెప్పేవాణ్ణి.

ఇవన్నీ చూస్తుంటే నాకు మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు గుర్తొస్తాయి. మా కజిన్‌తో కలిసి ఒకసారి ఒక ఐటీఐకి వెళ్లాను. స్టాండు మీద ఎరుపు, నీలం, పసుపు రంగులేసిన ఇంజన్, లోపల కనిపించేలా సగానికి కోసి ఉంది. పిల్లలు భాగాల పేర్లు గబగబా చెప్పారు. అది ఎన్నటికీ స్టార్ట్ కాదు, కాబట్టి దాని మీద ఎవరూ తప్పు చేయలేరు, తప్పు దిద్దుకోనూలేరు. అదే సమయంలో ఆటోనగర్ షెడ్డులో పద్నాలుగేళ్ల కుర్రాడు నిజం ఇంజన్ మీద అన్నీ నేర్చుకుంటాడు, కానీ వాడికి సర్టిఫికెట్టూ లేదు, స్కూలూ లేదు, బాల్యమూ లేదు. ఈ రెండూ కలవాలి. తెలంగాణలో 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది, సంతోషం. ఆ కొత్త మెషిన్ల పక్కన ఒక పాత బండికి కూడా చోటు ఇవ్వండి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది, అవన్నీ తుక్కుకి పోతున్నాయి. ఆర్టీసీ కూడా పాత బస్సుల్ని వేలం వేస్తూనే ఉంటుంది. ఐటీఐకి ఒక్కటి ఇస్తే చాలు. రోడ్డెక్కనక్కర్లేదు, పిల్లలు బాగుచేసిన బండి ఆవరణలో ఒక చుట్టు తిరిగితే చాలు.

ఇక్కడ మా ట్రక్కు మొన్న మేలో మొదటిసారి సొంతంగా కదిలింది, షెడ్డు తలుపు నుంచి పార్కింగ్ చివరిదాకా. స్టీరింగ్ దగ్గర సార్, వెనక నడుస్తూ పిల్లలు. వెనక తొట్టి చెక్కలు ఇంకా వేయలేదు, ఒక హెడ్‌లైట్ వెలగట్లేదు. మా అమ్మాయి వీడియో తీసి తాతయ్యకి పంపితే ఆయన బండి చూడలేదు, శబ్దం విన్నారు. మూడో సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదనీ వాల్వ్ సందు చూడమనీ చెప్పారు. ఆగస్టులో స్కూలు తెరిచాక మొదటి పని అదే.